మైకులో చెప్పిన మాట

సత్యకుమారి మాత్రలు మానేసిన సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ఉమామహేశ్వరి. దుబాయ్‌లో అల్ కుసైస్ పేటలో ఒకే గదిలో కింద మంచం ఈవిడది, పై మంచం ఆవిడది. అలాంటి చోట ఏ రహస్యం దాగుతుంది గనక!

"ఏమే, నీ మాత్రల అట్టపెట్టె చెత్తబుట్టలో కనపడింది. ఎలక గానీ ఈడ్చిందా?" అంది ఉమామహేశ్వరి ఉల్లిపాయలు తరుగుతూ.

"నేనే పారేశాను. ఇంక వాటితో పని లేదు."

"డాక్టరమ్మ చెప్పిందా మానెయ్యమని?"

"డాక్టరమ్మ చెప్పాలేంటి? నాకు తెలవట్లేదా? నిద్ర పడతంది, అన్నం సయిత్తంది, లిఫ్టెక్కితే గుండెదడ రావట్లేదు. జొరం తగ్గాక కూడా జొరం బిళ్ళ మింగుతామా ఎవరమైనా?"

ఉమామహేశ్వరి కత్తి ఆపి ఒకసారి ఎగాదిగా చూసి, "నీ ఇష్టం తల్లీ" అని మళ్ళీ ఉల్లిపాయల పని పట్టింది.

జ్వరం బిళ్ళతో పోల్చిందా, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ మాత్రలు ఏ జాతివో, అవి లోపల ఏం చేస్తాయో సత్యకుమారికి తెలియదు. తెలుసుకుందామనీ అనుకోలేదు.

సత్యకుమారిది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. దుబాయ్ వచ్చి ఇళ్ళు శుభ్రం చేసే కంపెనీలో చేరి చాలా ఏళ్ళయింది. కరోనా వచ్చిన ఏడు వాళ్ళ బిల్డింగుకి తాళం పడింది. పక్క మంచం మనిషిని తెల్ల సూట్లవాళ్ళు లిఫ్టులో కిందకి దించుకుపోయారు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ లిఫ్టు తలుపులు మూసుకుంటే చాలు, సత్యకుమారికి గుండె దడదడలాడేది, ఊపిరాడేది కాదు, ఇదే ఆఖరి క్షణం అనిపించేది. నలభై అంతస్తుల బిల్డింగుల్లో ఇళ్ళు తుడిచే మనిషికి లిఫ్టంటే భయమైతే ఇంక బతుకెలా? విమానాలు తిరగడం మొదలవగానే ఊరెళ్ళి, అమలాపురంలో డాక్టర్ శ్రీదుర్గ గారికి చూపించుకుంది. ఆవిడ రోజుకో మాత్ర రాసి, "మొదటి రెండు మూడు వారాలు గుణం కనపడదు, పైగా ఇంకాస్త గాభరాగా ఉంటుంది. కంగారుపడి మానకు" అని ముందే చెప్పింది. అచ్చం అలాగే జరిగింది. ఆ తర్వాత నెమ్మదిగా మనిషి తేరుకుంది. తిరిగొచ్చి రెండేళ్ళుగా లిఫ్టులెక్కి దిగుతూ హాయిగా పనిచేసుకుంటోంది.

మరి అంత బాగున్న మనిషి మాత్రలెందుకు పారేసినట్టు? చెబితే నవ్వుతారు. సాక్ష్యం కోసం.

ఆదివారం చర్చి ప్రాంగణంలో మలయాళం వాళ్ళ ఆరాధన అయ్యాక, ఫిలిప్పీన్స్ వాళ్ళది మొదలయ్యేలోగా, ఒక హాలు తెలుగువాళ్ళకిస్తారు. పాటలయ్యాక, పాస్టరు గారు వాక్యం బోధించే ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకేం మేలు చేశాడో ఒక్కొక్కరూ లేచి మైకులో చెబుతారు. ఒకరికి వీసా వచ్చింది. ఒకరి మేడం పాస్‌పోర్టు తిరిగిచ్చింది. ఇంకొకరికి ఆపరేషన్ లేకుండానే రాయి కరిగింది. వాళ్ళు చెబుతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటారు, బయటికొచ్చాక చేతులు పట్టుకుని మాట్లాడతారు. సత్యకుమారి మాత్రం రెండేళ్ళుగా వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే. "సత్య చెల్లెమ్మా, నీకు దేవుడు ఏ మేలూ చెయ్యలేదా ఏంటి?" అని పాస్టరమ్మ గారు ఒకసారి నవ్వుతూ అంది. ఆవిడ నవ్వులాటకే అంది పాపం. ఈవిడకది ముల్లులా గుచ్చుకుంది. చెప్పుకోవడానికి నాకేముంది, మాత్ర మింగి బాగున్నానంటే అది సాక్ష్యమా? మాత్ర లేకుండా బాగుంటే కదా సాక్ష్యం!

అలా అనుకుని ఒక గురువారం పెట్టె పారేసింది. శుక్రవారం ఏమీ కాలేదు. శనివారం ఇంకా హుషారుగా ఉంది. ఆదివారం తన దగ్గరున్న ఒకే ఒక్క పట్టుచీర కట్టుకుని, మైకు పుచ్చుకుంది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలండీ. రెండేళ్ళు నేను నరాల మాత్రలకి బానిసనై ఉన్నానండి. దేవుడు నన్ను ముట్టాడండి. మాత్రలన్నీ చెత్తబుట్టలో వేసేశానండి. ఇవాళ నేను మీ ముందు నిలబడ్డానంటే ఒక్క మాత్ర కూడా నా ఒంట్లో లేదండి!"

ఆ చివరి మాట ఎంత అబద్ధమో ఆవిడకి తెలియదు. రెండేళ్ళు మింగిన మందు ఒంట్లోంచి మూడు రోజుల్లో పూర్తిగా పోతుందా? ఆ హుషారంతా ఇంకా లోపల మిగిలిన మందుదే. కానీ హాలు హాలంతా చప్పట్లు. కీబోర్డు వాయించే నాగబాబు వెనక నుంచి కరిగిపోయేలా ఒక రాగం అందుకున్నాడు. పాస్టరమ్మ గారు వచ్చి వాటేసుకుంది. తన పెళ్ళిలో కూడా సత్యకుమారిని అంతమంది అంత ప్రేమగా చూడలేదు.

సోమవారం మొదలైంది అసలు సంబడం.

ఒక ఇంట్లో అద్దాలు తుడుస్తూ కళ్ళు పక్కకి తిప్పింది. తలలో జివ్వుమని కరెంటు కొట్టింది. ఇటు తిప్పింది, మళ్ళీ జివ్వుమంది. స్టూలు మీంచి పడబోయి కిటికీ పట్టుకుంది. సాయంత్రానికి ఒళ్ళంతా చెమటలు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే నడవాలనిపిస్తుంది, నడుస్తుంటే ఎక్కడికి పోతున్నానా అని ఏడుపొస్తుంది. కాలు కాలిన పిల్లిలా గది నుంచి బాత్రూముకీ, బాత్రూము నుంచి మెట్ల దగ్గరికీ తిరుగుతూనే ఉంది. తుడిచిన గచ్చే మళ్ళీ తుడిచింది. బస్సులో కూర్చోలేక మధ్యలో దిగిపోయి, ఎండలో నడిచి, ఏ స్టాపులో ఉందో తెలియక నిలబడిపోయింది. పనిచేసే ఇంట్లో మేడం, "కప్పు ఇక్కడ పెట్టు" అని మామూలుగా అంటే బొటబొటా కన్నీళ్ళు కార్చేసింది. ఆ మేడమే హడలిపోయింది పాపం.

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్యవే" అంది ఉమామహేశ్వరి.

"ఎందుకు? ఇది శోధన. సాక్ష్యం చెప్పిన వాళ్ళని సాతాను ఊరుకుంటాడేంటి?"

"సాతానుకి వేరే పనేం లేదా, అల్ కుసైస్ వచ్చి నీ తలకాయ్‌లో కరెంటు పెడతాడా! ముఖం చూసుకున్నావా అద్దంలో? నీతో ఈ గదిలో ఉండాలంటే నాకే పిచ్చెక్కేలా ఉంది."

"అయితే ఎల్లిపో గదిలోంచి!" అని కేకేసింది సత్యకుమారి. ఎప్పుడూ ఎవరి మీదా గొంతెత్తని మనిషి. అరిచాక తనే నాలిక్కరుచుకుంది, కానీ కాళ్ళు ఆగలేదు, అలా తిరుగుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం మంజుల ఫోన్ చేసింది.

మంజుల పాలకొల్లు వైపు పిల్ల. ఆదివారాలు చర్చిలో కలిసే పిల్లే తప్ప పెద్ద చుట్టరికమేం లేదు. సముద్రం పక్క ఒక పెద్ద బిల్డింగులో ఉత్తరాది వాళ్ళింట్లో ఉంటూ వాళ్ళ చంటిదాన్ని పెంచుతోంది. తన చంటిదాన్ని మాత్రం ఊళ్ళో అమ్మ దగ్గర వదిలొచ్చింది. ఆ దిగులుతో తిండీ నిద్రా మానేస్తే, ఆ ఇంటావిడే మంచి మనసుతో డాక్టరుకి చూపించి మాత్రలిప్పించింది. సత్యకుమారి వాడిన జాతివే.

"సత్యక్కా, ఒక మాటడుగుతాను, ఏం అనుకోకండి" అంది మంజుల. "ఆదివారం మీ సాక్ష్యం విన్నాక నాకూ విశ్వాసం వచ్చేసిందక్కా. ఆ సాయంత్రమే మాత్రలన్నీ నీళ్ళలో పోసేశాను. ఇప్పుడు తలలో ఏదో జివ్వుజివ్వుమంటంది. పాప ఏడుత్తుంటే దాన్ని ఎత్తుకోవాలంటే భయమేత్తంది. మీకూ ఇలాగే వచ్చిందా అక్కా?"



'వచ్చింది' అని సత్యకుమారి ఒక్క మాటంటే అయిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ చప్పట్లు కొట్టినవాళ్ళంతా కళ్ళముందు మెదిలారు. ఆవిడ ఏమందో వినండి.

"నాకేం రాలేదమ్మా. నువ్వు ప్రార్థన చెయ్యి, పోతుంది."

ఫోన్ పెట్టేశాక ఆవిడ స్థిమితం పూర్తిగా పోయింది. అంతవరకూ ఒంటిది, ఇప్పుడు మనసుది కూడా తోడైంది. భయమేస్తోందంది పిల్ల. చంటిబిడ్డని ఎత్తుకోవాలంటే భయమంది. తను ఎత్తుకునేది బకెట్లూ చీపుళ్ళూ, అవి పడితే ఎవరికి నష్టం? అరగంట అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి డాక్టర్ శ్రీదుర్గ గారికి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు గానీ, మెసేజీ వెళుతుంది. ఏడుస్తూ అంతా చెప్పింది. తన సంగతీ, సాక్ష్యం సంగతీ, మంజుల సంగతీ.

సాయంత్రానికి జవాబొచ్చింది. ఉమామహేశ్వరి కూడా పక్కనే కూర్చుని వింది.

"సత్యకుమారీ, ముందు చీవాట్లు, తర్వాత వైద్యం. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? సరే, విను. మెదడులో సెరొటోనిన్ అని ఒక రసం ఉంటుంది. దాన్ని అందుకోవడానికి కణాల మీద రిసెప్టర్లని ఉంటాయి. మీ కోనసీమ కాలవల మీద నీళ్ళు వదలడానికీ ఆపడానికీ లాకులున్నాయి కదా, అలాంటివనుకో. నేనిచ్చిన మాత్రతో ఆ రసం ఎక్కువ పారుతుంది. రోజూ అంత పారుతుంటే మెదడు ఊరుకోదు, కొన్ని లాకులు దించేసి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకే నీకు మొదట్లో వారాలు పట్టింది, ఆ గాభరా అంతా అందుకే. సర్దుకున్నాక బాగున్నావు. ఇప్పుడు నువ్వేం చేశావు? పైనుంచి వచ్చే నీళ్ళు ఒక్కరోజులో కట్టేశావు. దించిన లాకులు దించినట్టే ఉన్నాయి. అవి మళ్ళీ లేవాలంటే వారాలు కావాలి. ఈలోగా చేలు ఎండవూ? పూర్తి లెక్క మాకూ ఇంకా తెలియదు గానీ, తెలిసినంతలో నీ తలలో కొట్టే ఆ కరెంటు అదే. ఇది సాతానూ కాదు, నీ విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. మాత్ర ఈ పూటే మొదలుపెట్టు. మానాలని ఉంటే మానిపిస్తాను, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ."

దాని వెనకే ఇంకో చిన్న మెసేజీ. ఈసారి గొంతులో విసుగు లేదు.

"ఆ మంజుల సంగతి నాకు భయంగా ఉంది. ఇలా ఉన్నట్టుండి ఆపితే కొందరికి చచ్చిపోదామనే ఆలోచనలొస్తాయి. ఆ అమ్మాయిని ఒంటరిగా వదలకండి. వెంటనే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళమను."

ఉమామహేశ్వరి లేచి, బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి సత్యకుమారి మాత్రల పెట్టె బయటికి తీసింది. "చెత్తలోంచి ఆ రోజే తీసి దాచాను. నీ సంగతి నాకు తెలీదేంటే!" అంది. సత్యకుమారి మాత్ర మింగి, ఆవిడ ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడవడం కాదు, చెయ్యాల్సింది ఉంది. వెంటనే మంజులకి ఫోన్ చేసింది.

"మంజులా, నేను అబద్ధం చెప్పానే. నాకూ వచ్చింది, నీకంటే ఎక్కువ వచ్చింది. ఇప్పుడే మాత్రేసుకున్నాను. నువ్వు కూడా మీ మేడంకి చెప్పి డాక్టరు దగ్గరికెల్లు తల్లీ."

మంజుల చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు అంది: "అక్కా, మీకు విశ్వాసం తగ్గింది. దేవుడి ముందు మైకు పట్టుకుని ఎవరైనా అబద్ధం చెబుతారా? మీరు మైకులో చెప్పిందే నిజం. ఫోన్లో మాట్లాడేది మీరు కాదక్కా, మీ భయం. మీ కోసం నేను ప్రార్థన చేత్తాను."

"ఓసి పిచ్చిమొహమా! నా మాట విను..."

"ఉంటానక్కా. పాప లేచింది."

ఇదీ వరస. తను వేసిన ముడి తనకే చుట్టుకుంది. మర్నాడు పని మధ్యలో వీలు చేసుకుని మంజుల ఉండే బిల్డింగుకి వెళ్ళింది. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే తప్ప పైకి పంపనన్నాడు కింద సెక్యూరిటీ. మంజుల ఫోన్లో, "వద్దక్కా, మేడం ఊరెళ్ళారు, సారు కోప్పడతారు. ఆదివారం చర్చిలో కలుద్దాం" అని పెట్టేసింది. శుక్రవారం ఫోన్ ఎత్తలేదు. శనివారం 'దేవుడు మిమ్మల్ని దీవించుగాక' అని మెసేజీ పెట్టింది, అంతే. మాత్ర పడ్డాక సత్యకుమారికి తలలో జివ్వుమనడం తగ్గుముఖం పట్టింది, చెమటలు ఆగాయి. అయినా కుదురు లేదు. ఒంటికి మందుంది. ఈ పిల్లని నమ్మించే మందు ఆ మైకు ఒక్కటే. అక్కడ అన్నమాట అక్కడే దిగమింగాలి, ఇంకో దారి లేదు. అంతమంది ముందు, అంత ప్రేమగా చూసినవాళ్ళ ముందు.

ఆదివారం పాటలవుతుండగానే వెనక వరసల్లో వెతికింది. మంజుల వచ్చింది. గోడవారగా కూర్చుంది. ముఖం పీక్కుపోయి, చేతులు ఒళ్ళో నలుపుకుంటూ, ఈవిడనే చూస్తోంది.

"సాక్ష్యాలున్నవాళ్ళు రండి" అన్నారు పాస్టరు గారు. సత్యకుమారి లేవగానే పాస్టరమ్మ గారి ముఖం వెలిగిపోయింది. "రా చెల్లెమ్మా, ఇంకా ఏం మేలు జరిగిందో చెప్పు" అని మైకు అందించింది. నాగబాబు రాగం మొదలుపెట్టాడు.

"ప్రభువు నామంలో వందనాలండీ" అంది సత్యకుమారి. "పోయిన వారం నేనిక్కడ నిలబడి మాత్రలు మానేశానని చెప్పానండి. మానేసిన మాట నిజమేనండి. బాగైపోయానన్నది మాత్రం నిజం కాదండి. మర్నాటి నుంచీ నరకం చూశానండి. తలలో కరెంటు, ఒంట్లో వణుకు. మీరంతా చప్పట్లు కొట్టారని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదండి. బుధవారం మళ్ళీ మాత్ర మొదలుపెట్టానండి. అందుకే ఇవాళ నిలబడగలుగుతున్నానండి."

నాగబాబుకి ఏం వాయించాలో తెలియలేదు. వేళ్ళు తీసేశాడు. ఎవరో దగ్గారు. పాస్టరమ్మ గారు పరిస్థితి కప్పిపుచ్చడానికి గబగబా ఒక పాట ఎత్తుకుంది. ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు కూడా. సత్యకుమారికి ఒళ్ళు మండింది.

"అమ్మగారూ, పాట తర్వాత పాడుకుందాం. నా మాట అవలేదు!" అంది మైకులోనే. హాలు దద్దరిల్లింది. పాట ఆగిపోయింది. "నా సాక్ష్యం విని మాత్రలు మానేసిన వాళ్ళుంటే మీ కాళ్ళు పట్టుకుంటానండి, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదంటండి. మెదడు దానికి అలవాటుపడి ఉంటుంది, మళ్ళీ సర్దుకోవడానికి టైము కావాలంటండి. అది విశ్వాసం లేక వచ్చేది కాదంటండి."

పాస్టరు గారు లేచారు. ఇంక మైకు లాక్కుంటారనే అనుకుంది. ఆయన మాత్రం నుదురు రుద్దుకుంటూ, "నేను పొద్దున్నే షుగరు మాత్ర వేసుకోకుండా ఇక్కడ నిలబడలేను" అన్నారు. "పన్నెండేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. ఒక్క ఆదివారమైనా మీకు చెప్పానా? చెప్పలేదు. పోయిన వారం నేనూ చప్పట్లు కొట్టాను."

అప్పుడు లేచింది మంజుల. గోడ పట్టుకుని, వరసల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చింది. అందరూ ఇద్దరినీ చూస్తున్నారు.

"మరి నేనడిగిన రోజున రాలేదన్నారేంటక్కా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "మీకేం రాలేదన్నారు. ప్రార్థన చెయ్యమన్నారు. చేశానక్కా, పాపని పడుకోబెట్టి మోకాళ్ళ మీద ఉండి చేశాను. తగ్గలేదు. సత్యక్కని బాగుచేసిన దేవుడు నన్ను చెయ్యట్లేదంటే, ఆయనక్కూడా నేను అక్కర్లేదేమో అనుకున్నాను. మీరు ఫోన్ చేసి అబద్ధం అన్నా నమ్మలేకపోయాను. ఈవేళ మళ్ళీ మీరు లేచి బాగున్నానని చెబితే, ఇంక నా పని ఇంతే అని తేల్చుకుని వచ్చానక్కా. సాయంత్రం ఆ ఇంటికి తిరిగెళ్ళి బతకాలని లేదు నాకు."

సత్యకుమారి చేతిలో మైకు ఇంకా ఉంది. ఏం చెప్పినా అందరికీ వినపడుతుందని తెలుసు. తెలిసే చెప్పింది.

"నువ్వడిగిన రోజున నిన్ను కాదన్నది దేవుడు కాదే మంజులా. నేను."

మంజుల ఆవిడ భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. ఇంకొకటి వేసింది. సత్యకుమారి కదలకుండా నిలబడింది. మూడోదానికి ఎత్తిన చెయ్యి ఆవిడ మెడ చుట్టూ వేసి, మంజుల ఏడవడం మొదలుపెట్టింది.